రెండక్షరాల దగ్గర ఆగిన తెర

నల్లటి తెర మీద ‘ఎల్’, ‘ఐ’ అనే రెండు ఇంగ్లీషు అక్షరాలు పడతాయి. ఆపైన ఏదీ కదలదు, డిస్క్ దీపం కూడా వెలగదు. 1990లలో సొంత కంప్యూటర్‌లో లినక్స్ ఎక్కించుకున్నవాళ్లలో చాలామందికి ఈ దృశ్యం ఎరుకే. చూసి కంగారుపడినవాళ్లే ఎక్కువ గానీ, ఆ రెండక్షరాలు చెప్పవలసింది చెప్పే ఆగాయి. లిలో అనే బూట్‌లోడర్ తన పేరులోని నాలుగు అక్షరాలనూ ఒక్కసారిగా రాయదు. ఒక్కో మెట్టు దాటినప్పుడు ఒక్కో అక్షరం రాస్తుంది. ఎల్ పడిందంటే తొలి భాగం మెమరీలోకి వచ్చిందని అర్థం. ఐ పడి అక్కడే ఆగిందంటే తొలి భాగం రెండో భాగాన్ని కూడా తెచ్చింది, కానీ అది నడవలేదు. అలా జరగడానికి తరచుగా కారణం ఒకటే: డిస్క్ ఆకారం గురించి కంప్యూటర్‌లోని బయోస్ ఒక లెక్క చెబుతుంది, లినక్స్ మరో లెక్క నమ్ముతుంది.

ఆ రెండు లెక్కలు ఎందుకు వేరయ్యాయన్నదే బూట్‌లోడర్ల చరిత్రలో అసలు విషయం. పాత కంప్యూటర్‌లో లినక్స్ పెట్టదలచినవాళ్లు ఏ బూట్‌లోడర్ మంచిదని అడుగుతుంటారు. ఆ ప్రశ్నకు జవాబు బూట్‌లోడర్‌లో లేదు, యంత్రం పుట్టిన సంవత్సరంలో ఉంది. ప్రతి బూట్‌లోడరూ తాను పుట్టిన కాలపు బయోస్‌లనూ, డిస్క్‌లనూ, వాటి హద్దులనూ నిజమని నమ్మి రాసిన ప్రోగ్రామే.

విత్తు ముందా చెట్టు ముందా అన్న చిక్కు ప్రతి కంప్యూటర్‌లోనూ ఉంటుంది. డిస్క్‌లోని ప్రోగ్రామ్‌ను మెమరీలోకి తేవడానికి ఒక ప్రోగ్రామ్ కావాలి. మరి ఆ మొదటిదాన్ని ఎవరు తెస్తారు? 1981 ఆగస్టులో వచ్చిన ఐబీఎం పీసీలో ఆ పని బయోస్‌ది. కరెంటు తీసినా చెరగని చిప్‌లో ఉండే ఈ చిన్న ప్రోగ్రామ్ డిస్క్‌లోని మొట్టమొదటి సెక్టర్‌ను, అంటే 512 బైట్లను, మెమరీలో 31,744వ అడ్రసుకు తెచ్చిపెట్టి, పగ్గాలు దాని చేతికిచ్చి తప్పుకుంటుంది. 32 కిలోబైట్ల హద్దుకు సరిగ్గా ఒక కిలోబైట్ ఇవతల ఉంది ఆ అడ్రసు. అప్పటి యంత్రాల్లో మెమరీ ఎంత పొదుపుగా వాడవలసి వచ్చేదో ఆ ఒక్క సంఖ్యే చెబుతుంది.

1983లో 10 మెగాబైట్ల హార్డ్ డిస్క్‌తో పీసీ ఎక్స్‌టీ వచ్చింది. దాంతోపాటే వచ్చిన డాస్ 2.0 ఆ మొదటి సెక్టర్‌ను వాటాలు వేసింది. 446 బైట్లు ప్రోగ్రామ్‌కు, 64 బైట్లు నాలుగు పార్టిషన్ల పట్టికకు, చివరి రెండు బైట్లు ఇది బూట్ అయ్యే డిస్క్ అని చెప్పే ముద్రకు. ఇదే మాస్టర్ బూట్ రికార్డ్. ఆ తర్వాత డిస్క్‌లు లక్షల రెట్లు పెరిగాయి గానీ, ఈ 446 బైట్ల వాకిలి మాత్రం పెరగలేదు. ఆ వాకిట్లోంచే లినక్స్‌ను లోపలికి తేవడానికి ఎవరెవరు ఏ ఉపాయాలు పన్నారన్నదే మిగతా కథ.

హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ 1991లో లినక్స్ మొదలుపెట్టినప్పుడు విడిగా బూట్‌లోడర్ లేనేలేదు. కెర్నెల్ తన తలమీదే 512 బైట్ల బూట్ సెక్టర్‌ను మోసుకొచ్చేది. ఆ ఫైల్‌ను ఉన్నదున్నట్టు ఫ్లాపీ మీదకు రాస్తే చాలు, ఫ్లాపీ బూట్ అయ్యేది. కెర్నెల్ మొత్తం 512 కిలోబైట్లు దాటకూడదన్న లెక్క మీద ఆ ఏర్పాటు నిలబడింది. మొదటి ఫ్లాపీలో కెర్నెల్, రెండో ఫ్లాపీలో ఫైల్ సిస్టమ్. మధ్యలో ఫ్లాపీ మార్చి ఎంటర్ నొక్కాలి. ఈ పద్ధతి ఎంత సాదాగా ఉందో అంత మన్నికగానూ ఉంది. 2003 చివర్లో వచ్చిన 2.6 కెర్నెల్ దాకా ఏదో ఒక రూపంలో బతికింది. ఆ కెర్నెల్‌ను నేరుగా ఫ్లాపీ మీదకు రాసి బూట్ చేస్తే, ఇకమీదట ఇలా కుదరదు, బూట్‌లోడర్ వాడండి అనే సందేశం మాత్రమే కనిపించేది.

హార్డ్ డిస్క్ నుంచి బూట్ కావాలన్నవాళ్లు తొలినాళ్లలో మినిక్స్ కోసం పుట్టిన షూలేస్ అనే లోడర్‌తో సర్దుకున్నారు. 1992లో స్విట్జర్లాండ్‌కు చెందిన వెర్నర్ ఆల్మెస్‌బెర్గర్ లిలో రాశాడు. ‘లినక్స్ లోడర్’ అన్న రెండు మాటల ముందక్షరాలను కలిపితే వచ్చిన పేరది. దీని పనితీరు దగ్గర కొంచెం ఆగాలి, ఎందుకంటే తర్వాతి ఇరవై ఏళ్ల వాదులాటకు మూలం ఇక్కడే ఉంది.

లిలోకు ఫైల్ అంటే తెలియదు, ఫోల్డర్ అంటే తెలియదు. లినక్స్ నడుస్తుండగా మనం లిలో ఆదేశం ఇచ్చినప్పుడు అది కెర్నెల్ ఫైల్ డిస్క్ మీద ఏయే సెక్టర్లలో పరుచుకుని ఉందో చూసి, ఆ సెక్టర్ల జాబితాను ఒక మ్యాప్ ఫైల్‌గా రాసిపెట్టుకుంటుంది. మళ్లీ కంప్యూటర్ వెలిగించినప్పుడు ఆ జాబితా ప్రకారం ఒక్కో సెక్టర్‌నూ బయోస్ చేత తెప్పించుకుంటుంది. ఇంటి పేరూ వీధి పేరూ తెలియకపోయినా, అడుగులు లెక్కపెట్టుకుంటూ గుడికి చేరే మనిషి లాంటిదన్నమాట. దీని బలమంతా ఇందులోనే ఉంది. ఫైల్ సిస్టమ్ ఏదైనా లిలోకు ఒకటే. ఎక్స్‌ట్2 అయినా, మినిక్స్ అయినా, ఆ తర్వాత వచ్చిన రైజర్‌ఎఫ్‌ఎస్ అయినా. దీని బలహీనతా ఇందులోనే ఉంది. కెర్నెల్ మార్చి, లిలో ఆదేశం మళ్లీ ఇవ్వడం మరిచిపోతే, జాబితాలోని సెక్టర్లలో పాత కెర్నెల్ ఉండొచ్చు, మరేదైనా ఉండొచ్చు. ఒక్క ఆదేశం మరిచిపోయిన పాపానికి రెస్క్యూ ఫ్లాపీ వెతుక్కోవలసి వచ్చేది.

ఈ మరుపును లిలో తప్పుగా చెప్పడం నాకు న్యాయంగా అనిపించదు. 446 బైట్లలో ఫైల్ సిస్టమ్‌ను అర్థం చేసుకునే ప్రోగ్రామ్ ఇమడదు. కాబట్టి తెలివి అవసరమైన పనంతా లినక్స్ నడుస్తున్నప్పుడే ముగించి, బూట్ సమయానికి మొద్దుపనిని మాత్రమే మిగల్చడం ఆల్మెస్‌బెర్గర్ ఎంచుకున్న దారి. 4 మెగాబైట్ల మెమరీ ఉన్న 386 యంత్రానికి అంతకన్నా సరైన దారి ఉందనుకోను.

లిలోను నిజంగా కష్టపెట్టింది మరుపు కాదు, సిలిండర్ల లెక్క. బయోస్ పాత పద్ధతిలో డిస్క్‌ను అడిగేటప్పుడు సిలిండర్, హెడ్, సెక్టర్ అని మూడు సంఖ్యలు చెప్పాలి. సిలిండర్‌కు కేటాయించింది 10 బిట్లే, అంటే 1024కు మించి లెక్క రాదు. డిస్క్ వైపు నుంచి చూస్తే ఐడీఈ పద్ధతిలో 16 హెడ్లకు మించి చెప్పడానికి లేదు. ఇద్దరి పరిమితుల్లో తక్కువదాన్నే తీసుకోవాలి గనుక 1024 సిలిండర్లు, 16 హెడ్లు, 63 సెక్టర్లు. సెక్టర్‌కు 512 బైట్లు. మొత్తం సుమారు 528 మెగాబైట్లు. అంతకన్నా పెద్ద డిస్క్‌లు 1990ల నడుమ మార్కెట్లోకి రాగానే బయోస్ తయారీదారులు హెడ్ల సంఖ్యను పెంచి చూపే అనువాద పద్ధతి తెచ్చారు. హెడ్లు 255 అని చెబితే హద్దు 8.4 గిగాబైట్లకు జరుగుతుంది. అలా డిస్క్‌కు నిజంలో లేని ఒక ఆకారం ఏర్పడింది. బయోస్ ఆ కల్పిత ఆకారాన్ని చెబుతుంటే, సొంత డ్రైవర్‌తో డిస్క్‌ను నేరుగా పలకరించే లినక్స్‌కు మరో ఆకారం కనిపించేది. తెర మీద ‘ఎల్’, ‘ఐ’ దగ్గర ఆగిపోవడానికి కారణం తరచుగా ఈ తేడాయే.

బయోస్ చేతికి అందేది మొదటి 1024 సిలిండర్లే కాబట్టి కెర్నెల్ ఆ హద్దు దాటి ఉండకూడదు. డిస్క్ మొదట్లో ఒక చిన్న బూట్ పార్టిషన్ చేసి కెర్నెల్‌ను అందులో పెట్టాలన్న సలహా ఈ అవసరంలోంచే వచ్చింది. కెర్నెల్ లేచి నిలబడ్డాక ఈ హద్దు దానికి వర్తించదు, డిస్క్ చివరిదాకా అది చదవగలదు. చిక్కంతా లేచేదాకానే.

కొన్ని యంత్రాల్లో పరిస్థితి మరీ ఇరుకు. బయోస్ పెద్ద డిస్క్‌ను గుర్తించకపోతే డిస్క్‌తోపాటు ఇచ్చే ఆన్‌ట్రాక్ డిస్క్ మేనేజర్ లాంటి ప్రోగ్రామ్ మాస్టర్ బూట్ రికార్డ్‌లో కూర్చుని బయోస్‌కు బదులు సమాధానం చెప్పేది. ఆ చోట లిలోను రాస్తే డిస్క్ మేనేజర్ పోతుంది, దాంతోపాటు విండోస్ పార్టిషన్లూ కనబడకుండా పోతాయి. ఇలాంటి చోట హాన్స్ లెర్మెన్ రాసిన లోడ్‌లిన్ పనికొచ్చింది. ఇది డాస్‌లో నడిచే మామూలు ప్రోగ్రామ్. డాస్ లేచాక దీన్ని నడిపితే, డాస్‌ను మెమరీలోంచి తప్పించి ఆ స్థానంలో లినక్స్ కెర్నెల్‌ను నిలబెడుతుంది. మొదటి సెక్టర్ జోలికే పోదు. డాస్ డ్రైవర్ మేల్కొలిపితే తప్ప పలకని సౌండ్ కార్డులున్నవాళ్లకు ఇది వరం. లోడ్‌లిన్ గురించి రావలసినంత మంచి మాట రాలేదని నా అభిప్రాయం. ఉన్న వ్యవస్థను చెడగొట్టకుండా లినక్స్ రుచి చూపించిన సాధనాల్లో అది ముందువరసలోది.

మన దేశంలో చాలామందికి లినక్స్ తొలిసారి చేతికొచ్చింది 1990ల రెండో సగంలో పీసీక్వెస్ట్ పత్రిక ఇచ్చిన సీడీలతో. ఇంటర్నెట్ నుంచి దింపుకోవడం ఊహకందని రోజులవి. ఇంట్లో ఉన్నది ఒకే కంప్యూటర్, అందులో విండోస్ 95 గానీ 98 గానీ ఉంటుంది, దాని పక్కన లినక్స్ ఉండాలి. ఇన్‌స్టాల్ చేసింది తేడాకొడితే అండగా ఉన్నది డాస్ ఫ్లాపీ మీది ఎఫ్‌డిస్క్ ప్రోగ్రామే. దానికి ఎంబీఆర్ (మాస్టర్ బూట్ రికార్డ్‌కు పొట్టిపేరు) అన్న మాట తగిలిస్తే మొదటి 446 బైట్లను మళ్లీ మైక్రోసాఫ్ట్ ప్రోగ్రామ్‌తో నింపేది. విండోస్‌ను తిరిగి ఇన్‌స్టాల్ చేసినప్పుడూ అదే జరిగేది, లినక్స్ దారి మూసుకుపోయేది. విండోస్ ఎన్‌టీ వాడేవాళ్లు దీనికో ఉపాయం పట్టారు. లిలోను లినక్స్ పార్టిషన్ మొదటి సెక్టర్‌లో పెట్టి, ఆ 512 బైట్లను ఒక ఫైల్‌గా కాపీ చేసి, ఎన్‌టీ లోడర్ మెనూలో ఆ ఫైల్ పేరు చేర్చేవాళ్లు.

ఇంతలో మరో దిక్కున మరో ఆలోచన పెరుగుతోంది. 1995లో ఎరిక్ బోలిన్ గ్నూ హర్డ్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌ను యూటా విశ్వవిద్యాలయపు మాక్ 4 మైక్రోకెర్నెల్ మీద బూట్ చేయాలని చూస్తున్నాడు. పీసీలో ప్రతి కెర్నెల్‌కూ ఒక ప్రత్యేక లోడర్ ఎందుకుండాలన్న ప్రశ్నతో బ్రయాన్ ఫోర్డ్‌తో కలిసి మల్టీబూట్ అనే ఉమ్మడి నియమావళి రాశాడు. ఫ్రీబీఎస్‌డీ లోడర్‌ను ఆ నియమాలకు తగ్గట్టు మార్చబోయి, మార్చడం కంటే మొదటినుంచి రాయడమే సులువని తేల్చుకున్నాడు. అలా పుట్టింది గ్రబ్. లినక్స్ కోసం పుట్టనిదే చివరికి లినక్స్ ఇంటి పెత్తనం తీసుకోవడం ఈ చరిత్రలోని వింత. 1999లో గోర్డన్ మాట్జిగ్‌కైట్, యోషినోరి ఒకుజి దీన్ని అధికారిక గ్నూ ప్యాకేజీగా చేసి ముందుకు నడిపారు.

గ్రబ్ లిలోకు పూర్తిగా ఎదురు దారి తొక్కింది. అడుగులు లెక్కపెట్టుకుని నడవదు, దారి చదువుతుంది. మొదటి 446 బైట్లలో ఫైల్ సిస్టమ్ జ్ఞానం పట్టదన్నది గ్రబ్‌కూ తప్పలేదు. కానీ పాత పార్టిషన్ పద్ధతిలో మొదటి పార్టిషన్ 63వ సెక్టర్ దగ్గర మొదలవుతుంది, సున్నా సెక్టర్ మాస్టర్ బూట్ రికార్డ్‌ది. మధ్యలో 62 సెక్టర్లు ఎవరికీ చెందకుండా పడి ఉన్నాయి. ఫైల్ సిస్టమ్‌ను చదవగల మధ్య మెట్టును గ్రబ్ ఆ ఖాళీలో పెట్టింది. ఆ ఖాళీ కొలత 31,744 బైట్లు. బయోస్ మొదటి సెక్టర్‌ను దింపే అడ్రసూ అదే సంఖ్య కావడం కాకతాళీయమే గానీ, ఈ లెక్కలు చేసేవాళ్లకు ఒక్క క్షణం ఆగి చూడాలనిపించే సంగతి.

ఫలితం వాడకంలో తెలిసొచ్చింది. కెర్నెల్ మార్చినా గ్రబ్‌ను తిరిగి ఎక్కించనక్కరలేదు, మెనూ ఫైల్‌లో పేరు సరిచేస్తే చాలు. ఆ ఫైల్ తప్పయినా దారి మూసుకుపోదు. గ్రబ్ ప్రాంప్ట్ దగ్గర కెర్నెల్ పేరు చేత్తో టైపు చేయొచ్చు, సగం పేరు టైపు చేసి ట్యాబ్ నొక్కితే డిస్క్‌లో ఉన్న ఫైళ్లను చూపిస్తుంది. రెస్క్యూ ఫ్లాపీ అవసరాన్ని ఇంతగా తగ్గించినది అప్పటికి మరొకటి లేదు. 2001 అక్టోబరులో వచ్చిన రెడ్‌హ్యాట్ లినక్స్ 7.2 లిలో స్థానంలో గ్రబ్‌ను ముందుంచింది.

లిలో ఊరుకోలేదు. 1999 నుంచి దాని బాధ్యత తీసుకున్న జాన్ కాఫ్‌మన్ చేతుల్లో 1024 సిలిండర్ల హద్దు దాటే ఎల్‌బీఏ32 సదుపాయం వచ్చింది. సిలిండర్ల ఊసు లేకుండా సెక్టర్‌కు నేరుగా ఒక వరుస సంఖ్య చెప్పే కొత్త బయోస్ సేవల మీద అది ఆధారపడింది. ఆ సేవలు ఉన్న యంత్రాల్లో ఈ సదుపాయం చక్కగా పనిచేస్తుంది, లేని యంత్రాల్లో పాత హద్దు పాతచోటే ఉంటుంది. ఈ విషయంలో గ్రబ్‌ది కూడా వేరే దారి కాదు. దారి చదవగలిగినా కళ్లు మాత్రం బయోస్‌వే. కెర్నెల్ బయోస్‌కు అందనంత దూరంలో ఉంటే పాత గ్రబ్ 18వ నంబరు ఎర్రర్ చూపి ఆగేది. డిస్క్‌లు పెరిగేకొద్దీ హద్దులు కొత్త చోట్ల తగిలాయి. 1999 ప్రాంతపు కొన్ని అవార్డ్ బయోస్‌లు 33.8 గిగాబైట్లు మించిన డిస్క్ తగిలిస్తే బూట్‌లోడర్ దాకా కూడా రాకుండానే బిగుసుకుపోయేవి. 28 బిట్ల సెక్టర్ సంఖ్యతో ఆగిన బయోస్‌లు 137 గిగాబైట్ల తర్వాతి భాగాన్ని చూడలేవు. పాత యంత్రానికి పెద్ద డిస్క్ బిగించి మొత్తం ఒకే పార్టిషన్ చేసుకున్నవాళ్లకు అన్నిటికన్నా అయోమయం కలిగించేది ఈ చివరి హద్దే. మొదట బాగానే బూట్ అవుతుంది, కొన్ని నెలల తర్వాత కెర్నెల్ అప్‌డేట్ వచ్చి ఆ కొత్త ఫైల్ 137 గిగాబైట్ల అవతల పడుతుంది, ఆ రోజు నుంచి బూట్ కాదు. డిస్క్ పాడైందని పారేసేముందు డిస్క్ మొదట్లో చిన్న బూట్ పార్టిషన్ చేసి చూడాలి.

ఇక్కడ సిస్‌లినక్స్ కుటుంబాన్ని తలుచుకోవాలి. 1994లో హెచ్. పీటర్ అన్విన్ దీన్ని డాస్ ఫార్మాట్ ఫ్లాపీల నుంచి లినక్స్ బూట్ చేయడానికి రాశాడు. తర్వాత సీడీల కోసం ఐసోలినక్స్, నెట్‌వర్క్ కోసం పీఎక్స్‌ఈలినక్స్, లినక్స్ పార్టిషన్ల కోసం ఎక్స్‌ట్‌లినక్స్ వచ్చాయి. లిలో, గ్రబ్ వాదులాడుకుంటున్న కాలంలో ఇన్‌స్టాలేషన్ సీడీలను లేపిన బరువు చాలావరకు ఐసోలినక్స్ మోసింది. సీడీ నుంచి బూట్ కావడానికి ఫీనిక్స్, ఐబీఎం కలిసి ఎల్ టొరిటో నియమాలను 1995లో ప్రకటించాయి. అంతకుముందు పుట్టిన యంత్రాలకు ఆ సంగతే తెలియదు. వాటికి ఫ్లాపీలే గతి, లేదంటే ఫ్లాపీ నుంచి లేచి సీడీని పలకరించే స్మార్ట్ బూట్ మేనేజర్ లాంటివి. యూఎస్‌బీ విషయంలోనూ ఇదే కథ మళ్లీ జరిగింది. యూఎస్‌బీ రంధ్రం ఉండి కూడా దాని నుంచి బూట్ కాలేని యంత్రాల కోసం ఎల్మార్ హాన్‌ల్‌హోఫర్ రాసిన ప్లాప్ బూట్ మేనేజర్, బయోస్‌ను అడగకుండా సొంత డ్రైవర్‌తో పెన్‌డ్రైవ్‌ను చదువుతుంది.

2002లో ఒకుజి ప్యూపా అన్న పేరుతో మొదలుపెట్టిన తిరగరాత గ్రబ్ 2గా ఎదిగింది. పాత గ్రబ్ 2005లో 0.97 దగ్గర ఆగిపోయి లెగసీ అన్న పేరు తెచ్చుకుంది. 2009లో ఉబుంటు 9.10 కొత్తదాన్ని స్వీకరించింది, 2.00 సంచిక 2012లో వచ్చింది. గ్రబ్ 2 ఎన్నో ఫైల్ సిస్టమ్‌లు చదువుతుంది, కావాలంటే బయోస్‌ను పక్కన పెట్టి సొంత డ్రైవర్‌తో డిస్క్‌ను చూడగలదు. ఆ శక్తికి తగ్గట్టే ఒళ్లూ పెరిగింది. 62 సెక్టర్ల పాత ఖాళీలో దాని మూల భాగం పట్టని సందర్భాలు వచ్చాయి, ముఖ్యంగా రెయిడ్, బీటీఆర్‌ఎఫ్‌ఎస్ లాంటివి తోడైనప్పుడు. కొత్త పార్టిషన్ పద్ధతిలో మొదటి పార్టిషన్ 2048వ సెక్టర్ దగ్గర మొదలవుతుంది గనుక ఈ ఇబ్బంది లేదు. విండోస్ ఎక్స్‌పీ కాలంలో విభజించిన డిస్క్‌ను అలాగే ఉంచి గ్రబ్ 2 ఎక్కించబోయేవాళ్లకే అది ఎదురవుతుంది.

యంత్రం ముందు కూర్చుని నిర్ణయించవలసినవాళ్లకు ఈ చరిత్ర ఇలా పనికొస్తుంది. 486 గానీ తొలి పెంటియమ్ గానీ అయితే బయోస్ కొత్త సేవలు నేర్వలేదనే అనుకోవాలి. అప్పటి లినక్స్‌నే ఎక్కిస్తున్నారు కాబట్టి డిస్క్ మొదట్లో చిన్న బూట్ పార్టిషన్, దానికి లిలో గానీ పాత గ్రబ్ గానీ సరిపోతాయి. డాస్‌ను అలాగే ఉంచుకోవాలంటే లోడ్‌లిన్. నా ఓటు లిలోకే, ఎందుకంటే అలాంటి యంత్రంలో కెర్నెల్ మార్చే సందర్భాలు అరుదు, తప్పు ఎక్కడ జరిగిందో లిలో అక్షరాలు చెప్పినంత స్పష్టంగా మరేదీ చెప్పదు. పెంటియమ్ 3, 4 తరం యంత్రాలకు గ్రబ్ 2 చాలు, 137 గిగాబైట్ల సంగతి గుర్తుంచుకుంటే. ఆ తరంలో ఒకే లినక్స్ ఉండే చిన్న యంత్రమైతే ఎక్స్‌ట్‌లినక్స్ ఇంకా తేలిక. ఇవాళ్టి లినక్స్‌ను లిలోతో లేపబోవడం మాత్రం తగదు. కెర్నెల్‌తోపాటు మెమరీలోకి తెచ్చే ఇనిట్‌ఆర్‌డీ ఫైల్ పదుల మెగాబైట్లకు పెరిగింది. లిలో మామూలుగా దాన్ని మొదటి 15 మెగాబైట్ల లోపే సర్దాలని చూస్తుంది, అంతకన్నా పైన పెట్టమని విడిగా చెప్పాలి. కొన్ని తొలి పెంటియమ్ ఎం ల్యాప్‌టాప్‌లు పీఏఈ అనే సదుపాయం ఉండి కూడా లేదని చెబుతాయి. ఉబుంటు 14.04 నుంచి వాటికి బూట్ సమయంలో ఫోర్స్‌పీఏఈ అన్న మాట కెర్నెల్‌కు అందించాలి. బూట్ ప్రాంప్ట్ దగ్గర చేత్తో టైపు చేయనిచ్చే లోడర్ విలువ అప్పుడు తెలుస్తుంది.

2006 నాటి ఇంటెల్ మ్యాక్‌లకు ఈ మొదటి సెక్టర్ లెక్కలు సాధారణంగా వర్తించవు. వాటిలో బయోస్ స్థానంలో ఈఎఫ్ఐ వచ్చింది. ఈఎఫ్ఐ ఒక పార్టిషన్‌లోంచి ఫైల్‌ను ఫైల్‌గానే చదువుతుంది, లిలో అడుగులూ అక్కరలేదు, గ్రబ్ ఖాళీ సెక్టర్లూ అక్కరలేదు. కానీ ఆ తొలి ఇంటెల్ మ్యాక్‌లలో కొన్నింటిలోనూ, 2013 తర్వాతి కొన్ని చవక టాబ్లెట్లలోనూ ప్రాసెసర్ 64 బిట్లది, ఈఎఫ్ఐ 32 బిట్లది. 64 బిట్ల లోడర్‌ను అది గుర్తించదు. 32 బిట్ల గ్రబ్ 2తో 64 బిట్ల కెర్నెల్‌ను లేపే వీలు 2014లో వచ్చిన 3.15 కెర్నెల్‌తో కుదిరింది, మరుసటి ఏడాది డెబియన్ 8 ఆ ఏర్పాటును ఇన్‌స్టాలర్‌లోకి తెచ్చింది.

2010 నుంచి లిలోను చూసుకుంటున్న యోహాఖిమ్ వీడోర్న్ 2015 చివర్లో అభివృద్ధి ఆపేశాడు. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13లో 32 బిట్ల ఇంటెల్ యంత్రాలకు ఇన్‌స్టాలర్ లేదు, కెర్నెల్ లేదు. పాట్రిక్ వోల్కర్డింగ్ 1993 నుంచి నడుపుతున్న స్లాక్‌వేర్ మాత్రం 2022లో 15.0 సంచిక తెచ్చినప్పుడు కూడా, బయోస్ ఉన్న కంప్యూటర్ ఎదురైతే, ఇన్‌స్టాలేషన్ చివర్లో లిలో ఎక్కించాలా అనే అడిగింది. సరేనంటే మొదటి సెక్టర్‌లోని అదే 446 బైట్లలో తన తొలి భాగాన్ని రాసి, కెర్నెల్ సెక్టర్లను వరుసగా లెక్కపెట్టుకుంటుంది.